ఎకరానికి నూరు గళ్లు

నాకు లెక్కలంటే పడదు. లెక్కల సార్లంటే అంతకన్నా పడదు. బెల్లు కొట్టినా వినిపించనట్టు బోర్డు వైపే తిరిగి నిలబడి, తర్వాత వచ్చే నా తెలుగు పీరియడ్‌ను కొరుక్కుతినే జాతి అది. రెంజల్ మండలంలోని మా జిల్లా పరిషత్ హైస్కూలుకు సతీష్‌బాబు అనే కొత్త లెక్కల సారు వస్తున్నాడని హెడ్మాస్టర్ రామస్వామి సార్ చెప్పినప్పుడు, "రానీయండి, ఇంకొకరు" అన్నాను. బోధన్ నుంచి రోజూ ఆటోలో నడుము విరగ్గొట్టుకుని వచ్చే మనిషిని, కొత్తవాళ్ల మీద మోజు నాకెక్కడిది?

వచ్చినవాడు చేతిలో పుస్తకం లేకుండా వచ్చాడు. మోటారు సైకిల్ వెనక రెండు గోనె సంచులు కట్టుకొచ్చాడు. విప్పితే చింతగింజలు, చీపురుపుల్లలు, సీసా మూతలు, పగిలిన గాజులు, అట్టపెట్టెలు. "ఏం సారూ, పాత సామాను కొంటవా, అమ్ముతవా?" అని రామస్వామి సార్ అడిగితే స్టాఫ్‌రూమంతా ఘొల్లుమంది. ఆ అబ్బాయి నవ్వుతూనే, "చేతికి అందనిది బుర్రకి అందదండీ. పిల్లలు ముట్టుకుని నేర్చుకోవాలి" అన్నాడు. ఇలాంటి మాటలు ట్రైనింగుల్లో బోలెడు విన్నాను. ట్రైనింగు అయిపోగానే టీ తాగి ఎవరింటికి వాళ్లు పోవడమే.

సతీష్‌బాబుది బోధన్ పక్కనే ఉన్న క్యాంపు. కోస్తా నుంచి ఎప్పుడో వచ్చి కాలువ కింద భూములు కొనుక్కున్న రైతుల ఊళ్లను మా వైపు క్యాంపులనే అంటారు. పుట్టింది ఇక్కడే అయినా చదువంతా గుంటూరు హాస్టళ్లలో సాగిందట. పొలం మొహం చూసింది సెలవులకే. మాట అటుది, ఊరు ఇటుది. పిల్లల్ని "ఏమ్మా, ఏరా నాన్నా" అంటుంటే మొదట్లో వాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకుని కిసుక్కున నవ్వుకునేవాళ్లు.

అతని ఏడో తరగతి గదికీ నా గదికీ మధ్య ఒక ప్లైవుడ్ చెక్క అడ్డం. పిల్లల గొంతులు అంతగా వినపడవు కానీ సార్ గొంతు మాత్రం నా పద్యాల మీదికి వచ్చి పడుతుంది. అయినా మొదటి నెలంతా నేను నోరు మూసుకున్నాను. ఎందుకంటే అవతల గదిలో ఏదో జరుగుతోంది. భిన్నాల పాఠానికి బోధన్ బస్టాండులో రసం బండివాడి దగ్గర నుంచి చెరకు గడలు మోసుకొచ్చాడు. బోధన్ చక్కెర ఫ్యాక్టరీ మూతపడ్డాక మా వైపు చెరకు కంటికి కనపడడమే గొప్ప అయిపోయింది. పిల్లలు ఎగబడ్డారు. మూడో వంతు, ఐదో వంతు అని గడలు నరికి, కొలిచి, కూడి, తీసేసి, చివరికి పాఠాన్ని నమిలి పిప్పి ఊసి బయటికి వచ్చారు. ఆ సాయంత్రం వరండా అంతా చీమలు. ఊడ్చే ఆమె తిట్టిన తిట్లు ఇక్కడ రాయను.

ఆ గదిలో అందరికన్నా ముందు చెయ్యెత్తే పిల్ల నవత. నర్సింలు అని, కొంత వరి, కొంత పసుపు పండించుకునే రైతు బిడ్డ. బక్కగా, రెండు జడలతో, కాళ్లు నేల మీద నిలవనట్టు ఉంటుంది. ఆరో తరగతిలో లెక్కల్లో ఆ పిల్లే ఫస్టు. పక్కన కూర్చునేది కల్యాణి, క్యాంపు పిల్ల. ఇద్దరూ ఒకే డబ్బాలో అన్నం తింటారు. చెరకు పాఠం నాడు నవత నా దగ్గరికి పరుగెత్తుకొచ్చి, "టీచర్, నాలుగోవంతుల సగమంటే ఎనిమిదోవంతు, నేనే కోసిన" అని జిగటగా ఉన్న చేతులు చూపించింది. ఎనిమిదో వంతుతో నాకేం పని? కానీ ఆ మొహం చూస్తే ముచ్చటేసింది.

ఆగస్టులో దశాంశాలు మొదలయ్యాయి. సతీష్‌బాబు బోధన్‌లో రంగు రంగుల ఫోమ్ షీట్లు కొని, పలకంత చదరాలు కోసి, ఒక్కో దాని మీద అడ్డంగా పదీ నిలువుగా పదీ గళ్లు గీశాడు. చదరానికి నూరు గళ్లు. దాంట్లో వరుస పదోవంతు, గడి నూరోవంతు. రైతుల పిల్లలు కదా, తొందరగా ఎక్కుతుందని ఒక ఉపాయం కూడా చేశాడు. "ఈ చదరం ఒక ఎకరం అనుకోండి" అన్నాడట. ఈ సంగతి నాకు తర్వాత తెలిసింది. అప్పట్లో నాకు చెక్క ఇవతలికి వినపడిందల్లా ఒకటే అరుపు. "నూరమ్మా, నూరు! నలభై కాదు!" రోజూ అదే. "ఎన్నిసార్లు చెప్పాలి? నూరు!"

కొండ నాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందన్న సామెత ఆ గదిలో నిజమైంది. చింతగింజలతో గలగలలాడిన పిల్లలు ఫోమ్ షీట్లు పట్టుకుని బిక్కమొహాలు వేశారు. సతీష్‌బాబు స్టాఫ్‌రూములో తల పట్టుకు కూర్చోవడం మొదలుపెట్టాడు. "చేతిలో పెట్టినా రావట్లేదండీ. నవతకు కూడా రావట్లేదు. చెప్పింది వినదు, మొండికేస్తుంది" అన్నాడు. ఒక పరీక్ష పెట్టాడు. సగం తరగతి తప్పింది. క్యాంపు పిల్లలంతా గట్టెక్కారు. తప్పిన వాళ్లంతా ఊరి పిల్లలే. నవతకు సున్న వచ్చింది.

రామస్వామి సార్ మంచివాడే. కానీ ఎద్దు ఈనిందంటే దూడను గాట కట్టెయ్యమనే రకం. "నాకు తెల్వదా సారూ? ఈ క్యాంపోళ్ల పిల్లలకు లెక్కలొస్తయి, మనోళ్లకు రావు. ఎన్నేండ్లసంది సూస్తలేను?" అన్నాడు. పక్కనే నేనున్నాను. మనోళ్లలో నేనూ ఉన్నాను. మా పుట్టింటివాళ్లు ముప్కాల్‌లో పసుపు రైతులు. ఒళ్లు మండింది కానీ, లెక్కల గొడవలో తెలుగు పంతులమ్మ నోరు పెడితే ఏం బాగుంటుందని ఊరుకున్నాను.

హెడ్మాస్టర్ తేల్చింది ఇది. తప్పిన పిల్లలు లెక్కల పీరియడ్‌లో వరండాలో కూర్చుని ఆరో తరగతి పుస్తకం మళ్లీ చదవాలి. ఈ ఏడాదికి వాళ్లకు ఏడో తరగతి లెక్కలు ఉండవు. శనివారం తల్లిదండ్రుల మీటింగులో పెద్దవాళ్లు ఒప్పుకుంటున్నామని సంతకం పెట్టాలి. పెట్టాక ఇక మార్పు లేదు. అప్పటిదాకా వరండాలో వాళ్లను చూసుకోవడానికి ఎవరికి ఖాళీ పీరియడ్ ఉంది? సుకన్య మేడమ్‌కు ఉంది! అంటే నాకు. ఆ గంటలో టీ తాగి, కాళ్లు చాపుకుని, ఎవరితోనూ మాట్లాడకుండా కూర్చోవడం నా హక్కు. అది పోయింది. ఆ కోపంతో ఎక్కాల పుస్తకం ఒకటి పట్టుకుని వరండాలోకి పోయాను.

ముసురు పట్టి ఉంది. జల్లు పడకుండా పిల్లలు గోడకు అతుక్కుని కూర్చున్నారు. లోపల పాఠం జరుగుతుంటే కిటికీలోంచి కల్యాణి తొంగి చూసింది. నవత చూడలేదు. ఆ పూట అన్నం కూడా వేరేగా తిన్నదట. నేను ఎక్కాలు చెప్పించాను. అందరూ చెప్పారు, నవత పెదాలు కదిపింది అంతే.

"ఏమే, నీకేమైంది? ఎక్కాలు కూడా రావా?" అన్నాను.

"నాకు లెక్కలు రావు టీచర్."

"ఎవరు చెప్పిండ్రే?"

"సారే చెప్పిండు. సున్న ఏసిండు."

అంతే అంది. ఏడవలేదు. ఏడ్చినా బాగుండేది. పోయిన నెలలో జిగట చేతులు చూపించిన పిల్ల ఈ పిల్లేనా అనిపించింది. నాకు లెక్కలు రావని నేను చెప్పుకుంటే అది నా గొప్ప. పన్నెండేళ్ల పిల్ల నోట అదే మాట విని మాత్రం ఎక్కాల పుస్తకం మూసేశాను.

మర్నాడు శుక్రవారం. ఎక్కాలతో విసుగెత్తి, మూలన పడి ఉన్న సంచిలోంచి ఆ ఫోమ్ చదరాలు తీశాను. వాటి మీద గళ్లు ఎన్ని ఉన్నాయో నేను లెక్కపెట్టలేదు. ఒక్కోటి ఎకరమని సార్ చెప్పాడని పిల్లలన్నారు. ఎకరాలంటే నాకూ తెలుసు.

"నవతా, ఇటు రా. గిది ఎకరమట. ఎకరంనర సూపియ్యి."

ఒక చదరం పెట్టింది. ఇంకోదాన్ని మధ్యకు మడిచి పక్కన పెట్టింది.

"రాయి."

సుద్దముక్కతో గచ్చు మీద రాసింది: 1.20.

"రెండు ముప్పావు?"

2.30 అని రాసింది. మా పుట్టింటి చేనులో నా భాగం సరిగ్గా అంతే. కాగితాల్లో కూడా అట్లాగే ఉంటుంది. ఇంకేం కావాలి?

"మరి పరీక్షల ఏం తప్పు రాసినవే?"

"0.35కు 0.15 కలుపుమన్నడు టీచర్. 1.10 అని రాసిన. ఒకట్లకెల్లి 0.25 తీసేయ్‌మన్నడు. 0.15 అని రాసిన. అన్నీ తప్పేనట."

మనసులో లెక్క వేశాను. ముప్పై ఐదు గుంటలకు పదిహేను గుంటలు కలిపితే యాభై. నలభైకి ఎకరం పోగా మిగిలింది పది. ఎకరం పది గుంటలు. ఎకరంలోంచి ఇరవై ఐదు గుంటలు తీసేస్తే పదిహేను. అక్షరాలా నిజం! మిగతా పిల్లల్ని అడిగాను. విష్ణు అనే పిల్లవాడు కూడా అదే చెప్పాడు, ఆ పక్కవాడూ అదే. వరండాలో అందరూ సరిగ్గానే చెబుతున్నారు. ఇంతమంది పిల్లల్ని వానలో కూర్చోబెట్టిన ఆ లెక్కల సారుకే లెక్కలు రావని నాకు అర్థమైంది. అబద్ధమెందుకు, కోపంతో పాటు కొంచెం సంతోషం కూడా కలిగింది.

ఇంటర్వెల్ బెల్లు కొట్టగానే స్టాఫ్‌రూములోకి చదరం పట్టుకుని పోయాను. సతీష్‌బాబు, రామస్వామి సార్ టీ తాగుతున్నారు.

"సతీష్‌బాబు సార్, 0.35కు 0.15 కలిపితే ఎంత?"

"0.50 మేడమ్. ఎందుకు?"

"కాదు. 1.10."

అతను నవ్వాడు. "మేడమ్, మీరు కూడానా?"

"నేను కూడా అంటే ఏంది? సరిగ్గా చెప్పిన పిల్లకు సున్న ఏస్తవా? పసిపిల్లల్ని వానల కూసోబెడ్తవా?"

"మేడమ్, కోప్పడకండి. మీరు తెలుగు చెప్పుకుంటున్నారు, ఇది దశాంశాల విషయం..."

ఆ మాట అనకుండా ఉండాల్సింది. నేను చదరం తీసి టీ కప్పుల మధ్య టపీమని పెట్టాను. "ఇది ఎకరం అన్నది ఎవరు?"

"నేనే."

"ఎకరంల అర ఎంత?"

"0.5. అంటే 0.50."

"యాభై అంటే ఎకరం దాటిపోదా? ఎట్ల దాటదు? హెడ్మాస్టర్ సార్, మీరే చెప్పండి. ముప్పై అయిదుకు పదిహేను కలిపితే ఎంత?"

రామస్వామి సార్ టీ గుటక వేసి, ఆలోచించే పని కూడా లేకుండా, "ఎకరం పది. అందుల తప్పేమున్నది?" అన్నాడు. ఆ వెంటనే తను వరండాలోకి పంపిన పిల్లలు గుర్తొచ్చి, కప్పు కింద పెట్టేశాడు.

సతీష్‌బాబు మా ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. మమ్మల్ని పిచ్చివాళ్లనుకున్నాడో, తనే పిచ్చివాడనుకున్నాడో. నేను అప్పుడే మొదటిసారి ఆ చదరం మీద గళ్లు లెక్కపెట్టాను. "ఇదేంది సారూ? ఎకరమంటివి. నూరు గళ్లు ఎందుకున్నయి? నలభై ఉండాలె గద?"

"నలభై ఏంటి మేడమ్?"

"నలభై గుంటలయ్యా! ఎకరానికి నలభై గుంటలు. ఈ గడ్డ మీద పుట్టినవ్, గిది తెల్వదా?"

సతీష్‌బాబు చదరాన్ని తన వైపు లాక్కున్నాడు. "గుంటలని వినడం విన్నానండీ. ఎన్నో ఎప్పుడూ లెక్కేసుకోలేదు. మా ఇంట్లో ఎప్పుడూ సెంట్లే. తాతగారి నుంచీ అంతే. ఎకరానికి నూరు సెంట్లు" అన్నాడు. "మీరు రెండున్నర ఎకరాలని ఎలా రాస్తారు?"

"రెండు చుక్క ఇరవై. రెండెకరాల ఇరవై గుంటలు."

"మేం రెండు చుక్క యాభై అని రాస్తాం." అతని వేలు గళ్ల మీద ఆగింది. "చుక్క తర్వాత నలభై దాటితే ఒకటి పడుతుందంటూనే ఉంది ఆ పిల్ల. నలభై, నలభై అంది. నేను నూరు, నూరని అరిచాను. ఎందుకు నలభై అంటున్నావమ్మా అని ఒక్కసారి అడగలేదు."

తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లనడం అతని ఒక్కడి జబ్బేమీ కాదు. ఆ పావుగంటా నేనూ అలాగే అరిచాను. పుస్తకంలో చుక్క తర్వాత ఉన్నది నూరోవంతులని, గుంటలు కావని అతను నెమ్మదిగా చెబుతుంటే, ఇంత వయసు వచ్చాక నాకూ అప్పుడే తెలిసింది. రామస్వామి సార్‌కు కూడా అప్పుడే తెలిసిందని నా అనుమానం, ఆయన ఒప్పుకోడు. ఊరి పిల్లలందరూ తమ ఇళ్లల్లో చూసిన చుక్కనే పరీక్షలో రాశారు. ఎకరం అనకుండా రొట్టె అనో, అట్ట అనో ఉంటే బహుశా ఇంత గొడవ జరిగేది కాదు. రైతు బిడ్డలకు ఎకరం చేతికి అందుతుందనుకున్నాడు పాపం. అందింది, కానీ అతను అనుకున్న ఎకరం కాదు.

నవతను పిలుద్దామని లేచాడు. అప్పటికే వాన పెద్దదై, వాగు దాటాల్సిన పిల్లల్ని ముందుగా ఇళ్లకు పంపేశారు.

శనివారం పొద్దున నేను వచ్చేసరికి మీటింగు ఇంకా మొదలు కాలేదు. కానీ నర్సింలు పొలంలో కలుపు కూలీలు ఎదురుచూస్తున్నారని అందరికన్నా ముందే వచ్చాడు. కాళ్లకు మోకాళ్ల దాకా బురద. హెడ్మాస్టర్ గదిలో లేకపోతే, నిన్నటి సంగతి తెలియని క్లర్కు కాగితం చూపించాడట, సంతకం పెట్టేశాడట. నవత తండ్రి వెనకాల నిలబడి ఉంది.

"ఏమని పెట్టినవ్ నర్సింలూ? ఏం రాసున్నదో చదివినవా?" అన్నాను.

"సదివిన మేడమ్. బిడ్డకు లెక్కలు వస్తలేవంట గద. సారు సదువుకున్నోడు, ఆయన రాదంటే రాదే ఉంటది. మేమేం కొట్లాడ్తమా?" నిష్ఠూరంగా కూడా అనలేదు. వర్షం పడుతోందన్నట్టు అన్నాడు. "ఎట్లనో ఒకతీరు సదువుతది తియ్యుండ్రి."

నవత నేలకేసి చూస్తోంది. ఒక ఇల్లంతా కలిసి ఆ పిల్లకు లెక్కలు రావని ఒప్పేసుకున్నారు. ఇంక ఆ పిల్ల మాత్రం ఏమంటుంది? నాకు ఆ కాగితం చింపెయ్యాలనిపించింది.

అప్పుడే సతీష్‌బాబు వచ్చాడు. తడిసిపోయి, చంకలో ఫోమ్ షీట్లతో. నర్సింలును చూసి ఆగాడు. హెడ్మాస్టర్ బల్ల మీదే రెండు చదరాలు పక్కపక్కన పరిచాడు. రెండూ ఒకే కొలత. ఒకదాని మీద పాత నూరు గళ్లు. రెండోదాని మీద కొత్తగా గీసిన నలభై. గది బయట మీటింగుకు వచ్చిన పెద్దలు ఒక్కొక్కరే గుమ్మం దగ్గర మూగారు. పిల్లలూ వచ్చారు. రామస్వామి సార్ కూడా వచ్చి వెనక నిలబడ్డాడు.

"నవతా, ఇందులో అర ఎకరం చూపించమ్మా." నలభై గళ్లది ముందుకు జరిపాడు.

నవత చేతులు వెనక్కి పెట్టుకుంది. "నాకు రాదు సార్."

"ఒక్కసారి."

"నాకు రాదు."

సతీష్‌బాబు చదరాన్ని ఆ పిల్ల వైపు ఇంకొంచెం జరిపాడు. నర్సింలు కూతురి భుజం తట్టాడు. "సూపియ్యి బిడ్డా. సారు అడుగుతుండు గద."

ఒక చెయ్యి నెమ్మదిగా ముందుకు వచ్చింది. చదరాన్ని చూసింది. గళ్లు లెక్కపెట్టింది. రెండోసారి లెక్కపెట్టింది. అప్పుడు తల ఎత్తి, "సార్, గిది నలభై ఉన్నది" అంది.

"అవునమ్మా. నలభయ్యే."

సగం మీద అరచెయ్యి ఆనించింది. ఇరవై గళ్లు. "మరి దీంట్లో?" అని నూరు గళ్లది చూపించాడు. ఆ సగం మీద రెండో చెయ్యి పెట్టింది, గళ్లు ఎంచి "యాభై" అంది. సతీష్‌బాబు ఒక చదరాన్ని ఎత్తి రెండోదాని మీద పెట్టాడు. అంచుకు అంచు సరిపోయింది.

"రెండూ ఒకటే ఎకరం. మీ ఇంట్లో నలభై ముక్కలు కోశారు, మా ఇంట్లో నూరు కోశాం. మన లెక్కల పుస్తకంలోనూ చుక్క తర్వాత నూరే. ఆ సంగతి నేను చెప్పాలి. చెప్పలేదు" అన్నాడు.

నవత ఆ రెండింటి వంకా చూస్తూ నిలబడింది. లోపల ఏదో కూడుతోంది, తీసేస్తోంది.

"నేను రాసింది మా ఎకరంల తప్పు కాదా సార్?"

"కాదు. ఒక్కటి కూడా తప్పు కాదు."

"మరి సున్న ఎందుకేసిండ్రు?"

నర్సింలు కంగారుపడి, "ఏయ్, సారును గట్ల అడుగుతరానే!" అని కూతురి చెయ్యి పట్టుకుని లాగాడు.

"అడగనివ్వండి" అన్నాడు సతీష్‌బాబు. గుమ్మం దగ్గరున్న పెద్దల్నీ, పిల్లల్నీ చూశాడు. అంతమందిలో తలెత్తుకుని చెప్పడం తేలిక కాదు. "నాకు తెలీక వేశానమ్మా. తెలీదని తెలుసుకోకుండా వేశాను."

నవతకు అప్పుడు ఏడుపొచ్చింది. మూడు రోజులుగా ఎక్కడ దాచుకుందో, వెక్కి వెక్కి ఏడ్చింది. పిల్లల్లోంచి కల్యాణి దూసుకొచ్చి పక్కన నిలబడింది. "నాకు తెలుసు సార్. మా తాతయ్య సెంట్లంటాడు, వీళ్లింట్లో గుంటలంటారు" అంది.

"తెలిస్తే చెప్పవేమమ్మా?" అన్నాడు సతీష్‌బాబు.

"అదీ లెక్కల్లోకి వస్తుందనుకోలేదు సార్."

రామస్వామి సార్ గొంతు సవరించుకున్నాడు. "అంత బాగనే ఉన్నది గని, సంతకం అయిపోయింది గద. ఒకరికి మారిస్తే అందరికి మార్చాలె..." అని నసిగాడు. ఇక నాకు ఓపిక లేకపోయింది. క్లర్కు బల్ల మీది నుంచి ఆ కాగితం తీసుకుని నాలుగు ముక్కలు చేశాను. "అరె, మేడమ్!" అన్నాడాయన. "మార్చండి అందరికీ. ముందుగాల మీకే పరీక్ష పెడ్త నేను. ముప్పై అయిదుకు పదిహేను కలిపితే ఎంత సారూ?" అన్నాను. ఆయన సతీష్‌బాబు వైపు చూసి, "సోమవారం మళ్ల పరీక్ష పెట్టుండ్రి" అని గదిలోంచి వెళ్లిపోయాడు. నర్సింలుకు ఏమీ పూర్తిగా అర్థం కాలేదు. కూతురి కన్నీళ్లు తన తువ్వాలుతో తుడిచి, "అయితే వస్తయన్నట్టేనా మేడమ్?" అని నన్ను అడిగాడు. వస్తాయని చెప్పాను. కలుపు కూలీలు గుర్తొచ్చి పరుగులాంటి నడకతో పోయాడు.

సోమవారం ఆ గంటకు పిల్లలంతా లోపలే కూర్చున్నారు. పొద్దున మళ్లీ పెట్టిన పరీక్షలో నలుగురికి ఇంకా దశాంశాలు రావడం లేదని తేలింది. వాళ్లకు గుంటల్లోనూ రావడం లేదు. వాళ్లను వరండాలో కాకుండా ముందు బెంచీలో కూర్చోబెట్టుకుంటానన్నాడు సతీష్‌బాబు. నా పీరియడ్ నాకు దక్కింది. టీ తాగడానికి పోతూ, ఎందుకో ఆ గది గుమ్మం దగ్గర ఆగాను.

బోర్డు మీద 0.75 + 0.25 అని రాసి ఉంది. సార్ గదంతా చూసి, "నవతా" అన్నాడు.

నవత లేచి నిలబడింది. చేతిలో ఏమీ లేదు, కళ్లు మాత్రం బోర్డు మీద అటూ ఇటూ తిరిగాయి. తప్పుతుందేమోనని గుమ్మంలో నాకే చెమట పట్టింది.

"ఎవరి ఎకరంల సార్?" అంది.

గది పగలబడి నవ్వింది. సతీష్‌బాబు నవ్వలేదు. "రెండూ చెప్పు" అన్నాడు.

"పుస్తకంల అయితే ఒకటి సార్. మాకాడ నూరు గుంటలు, అంటే రెండున్నర ఎకరాలు."

కూర్చోమని ఎవరూ చెప్పకముందే కూర్చుంది.